నౌకాదళంలో పనిచేసిన మామ్మగారి సంగతులు రాసి పెట్టుకోవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాల్లో ఎవరి మామ్మగారైనా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశారన్న మాట ఇంట్లో నలుగుతూ ఉంటే, దాన్ని నమోదు చేసే పనిని ట్రంకుపెట్టెలోని కాగితాలతో మొదలుపెట్టాలి. 1942లో ఏర్పడిన మహిళా సహాయక దళంలోని నౌకా విభాగమే తరువాత విమెన్స్ రాయల్ ఇండియన్ నేవల్ సర్వీస్ అయింది కనుక, ఒకే మనిషి కాగితాల్లో రెండు పేర్లూ కనిపించవచ్చు. స్వస్థలం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేవరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనూ, రాయగడ, గుణుపురం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. అందువల్ల ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో వెతికేటప్పుడు మద్రాసు, ఒరిస్సా రెండింటి కిందా, పుట్టింటి పేరుతోనూ అత్తింటి పేరుతోనూ చూడాలి.

ఫొటోలో చీర కట్టుకుని ఉన్నారని దాన్ని పక్కన పెట్టేయకూడదు. 1945లో బ్రిటన్ వెళ్లిన ఈ దళపు సెకండ్ ఆఫీసర్ కల్యాణీ సేన్ స్కాట్లాండ్‌లోని రోసైత్‌లో దిగిన ఫొటోలో చీరలోనే ఉన్నారు. భుజం మీది హోదా పట్టీలను బట్టే ఆమె అధికారి అని తెలుస్తుంది. భూతద్దంతో భుజాలు చూసి, ఫొటో వెనుక స్టూడియో ముద్ర ఉంటే ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

మామ్మగారు లేకపోయినా, ఆమె చెప్పగా విన్న పిన్నిగారో మేనత్తగారో ఉంటారు. వారిని ‘మామ్మ ఓడ ఎక్కిందా, జలాంతర్గామిని చూసిందా’ అని అడిగితే (అందరూ అడిగేది ఇదే) సంభాషణ అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ దళంవారి పని ఒడ్డు మీదే, సంకేత సందేశాలు, కార్యాలయ వ్యవహారాల మధ్య సాగేది. ఒక్క రాత్రి డ్యూటీని మొదటినుంచి చివరిదాకా చెప్పించుకోవాలి: ఏ గదిలో కూర్చునేవారు, బల్ల మీద ఏముండేవి, తప్పు దొర్లితే ఎవరు పట్టుకునేవారు, జీతంలో ఇంటికి ఎంత పంపేవారు, పెళ్లిచూపులకు వచ్చినవారితో ఈ ఉద్యోగం సంగతి ఏమని చెప్పారు. నా ఉద్దేశంలో అసలు సంగతులు ఈ చివరి ప్రశ్నకే బయటపడతాయి. తేదీ గుర్తులేకపోతే, విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడిన 1942 ఏప్రిల్ 6కు ముందా, తరువాతా అని అడగాలి.

నౌకాదళ మహిళా అగ్నివీరుల తొలి బృందం 2023 మార్చిలో ఒడిశాలోని నౌకాదళ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిలికా నుంచి శిక్షణ ముగించుకుని వచ్చింది. అలా ఇప్పుడు సర్వీసులో ఉన్న అమ్మాయిలతో మాట్లాడేటప్పుడు ఓడ ఎక్కడుందో, ఎటు వెళుతోందో అడగనే కూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం వారికీ, రాసేవారికీ వర్తిస్తుంది.

రాసినదాన్ని చెప్పినవారికి చదివి వినిపించి, ఏ భాగం బయటివారికి చూపవచ్చో వారి చేతే గుర్తు పెట్టించి, సంతకం తీసుకోవాలి.