గట్టు మీది పార్కును వీధుల్లోకి దించడం ఎలా

డెల్టా ఊళ్లలో కాలువగట్టు పార్కులు చాలావరకు ఒకే తీరు. లోపల ఫౌంటెన్, రంగులేసిన జిరాఫీ, చుట్టూ ఆరడుగుల గోడ, ఒకటే గేటు, అదీ కార్లు ఆగే వైపు. గోడకు ఆనుకున్న ఇంటివాళ్లు లోపలికి రావాలంటే ఊరంతా చుట్టి రావాలి. అలాంటి పార్కుకు మళ్లీ నిధులొస్తే ఫౌంటెన్ జోలికి పోవద్దు. వీధి చివర మొదలుపెట్టి నీళ్ల దాకా పని చేసుకుంటూ రావాలి.

ముందుగా పాత రేవులు వెతకండి. పాలకొల్లు, తణుకు, నరసాపురం లాంటి చోట్ల పడవలు తిరిగిన రోజుల్లో వీధులు తిన్నగా రేవులోకే దిగేవి. ఆ వీధి ఇప్పుడు ఎక్కడ గోడకు కొట్టుకుని ఆగిందో అక్కడే గేటు పడాలి. గుర్తులు జనమే పెట్టి ఉంచుతారు: వంగిన కంచె, ఊడదీసిన ఇటుకలు, గడ్డిలో అరిగిన కాలిబాట. ఒక పనిరోజూ ఒక ఆదివారమూ పొద్దున 5.30 నుంచి 7.30 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా నిలబడి లెక్క రాసుకోండి. ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే చాలదు. ఏ సందులోంచి వచ్చారు, ఆడవాళ్లెంతమంది, ముసలివాళ్లెంతమంది అన్నదీ రాయాలి. కార్తీకమాసంలో ఇంకో రోజు. ఆ రోజు లెక్క చూడకుండా రేవు మెట్ల వెడల్పు తేల్చొద్దు.

గట్టు జలవనరుల శాఖది, పార్కు మునిసిపాలిటీది, మధ్య రోడ్డు కొన్నిచోట్ల ఆర్ అండ్ బీది. ఫైలు ఒక టేబులు మీంచి ఇంకో టేబులుకు తిరిగేలోపు వేసవి దాటిపోతుంది. ముగ్గురు ఇంజనీర్లనూ ఒకే పూట గట్టు మీదికి తీసుకొచ్చి, ఒకే లెవెల్ షీటు మీద సంతకాలు పెట్టించుకోండి. షీటులో కాలువ అడుగు, నిండు నీటిమట్టం, గట్టు పైమట్టం, రోడ్డు మట్టం, వాటితోపాటు వీధిలో చివరి ఇంటి గడప మట్టం ఉండాలి. ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు. తొలకరి వానకు నీళ్లు ఆ గడప దాటి లోపలికి పోయాక పార్కు పేరెత్తితేనే ఆ వీధివాళ్లకు ఒళ్లు మండుతుంది.

గోడ మొత్తం కూల్చనక్కర్లేదు. 45 సెం.మీ. ఎత్తుకు దించి, పైన 40 సెం.మీ. వెడల్పున నున్నగా గచ్చు చేస్తే అరుగవుతుంది, సాయంత్రానికి నిండిపోతుంది. గేటు దగ్గర స్తంభాల మధ్య 90 సెం.మీ. ఖాళీ వదలాలి. అందులోంచి మోటారుసైకిలు కూడా దూరుతుంది, నిజమే. తగ్గిస్తే చక్రాల కుర్చీ పట్టదు. బండ్లకు బయట పక్కనే చోటు చూపించడం మేలు, నాలుగు స్తంభాలు పాతడం కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

గేటుకు ఎదురుగా రోడ్డు దాటేచోట 10 సెం.మీ. ఎత్తు, పైన 3 నుంచి 4 మీటర్ల చదును ఉన్న దిమ్మె కట్టండి. బండి వేగం తగ్గుతుంది, కాలు దించకుండా దాటొచ్చు. ఒక్కటి మరవకండి: ఆ దిమ్మె రోడ్డుకు అడ్డకట్ట కూడా. అంచుల్లో నీళ్లు పోయే సందో, అడుగున తూమో లేకపోతే వెనక మడుగు కడుతుంది.

ఇక గట్టు ఎక్కడం. గట్టు 2 మీటర్లుంటే ర్యాంపు 12కు 1 వాలున 24 మీటర్లు పరుచుకుంటుంది. ప్రతి 9 మీటర్లకూ 1.5 మీటర్ల చదును చొప్పున రెండు కలిపితే 27 మీటర్లు. వీధికి అభిముఖంగా అంత చోటు దొరకదు కాబట్టి గట్టు వెంట పక్కగా నడపాలి. గట్టును కోసి ర్యాంపు దించొద్దు. ఊరివైపు మన్ను పోసి, 20 సెం.మీ. పొర పొరకూ తడిపి రోలరు తొక్కించండి. పొడిమన్ను ఒకేసారి కుమ్మరిస్తే మొదటి వర్షాకాలంలోనే కుంగి, పైన వేసిన టైల్సు పళ్లూడినట్టు లేస్తాయి.

గట్టు వాలు మీద చెట్లు వద్దు. వేరు చచ్చి కుళ్లితే అక్కడ సొరంగం మిగులుతుంది, నిండుకాలువ నీళ్లు దాన్ని వెతుక్కుంటాయి. బుంగ పడేది అలాగే. వాలుకు గరిక, వట్టివేళ్లు చాలు. గట్టు పాదానికి 5 మీటర్ల అవతల వేప, కానుగ, నేరేడు వేసుకోండి. తురాయి పూసినప్పుడు చూడముచ్చటే, తుపాను గాలికి మాత్రం కొమ్మలు మొదట విరిగేది దానివే.

మెట్ల పని కాలువలు కట్టేసినప్పుడే. రెండో పంట దాళ్వాకు నీళ్లు ఆపాక, జూన్‌లో మళ్లీ వదిలేలోపు దొరికేది కొద్ది వారాలే, ఆ తేదీలు కూడా ఏటా మారతాయి. అందుకే రాయి ముందే కొట్టించి గట్టు మీద పేర్చి ఉంచుకోవాలి. అన్నిటికన్నా కింది మెట్టు కింద అడ్డగోడ కాలువ అడుగుకన్నా 60 నుంచి 90 సెం.మీ. లోతుకు దిగాలి, లేకపోతే ప్రవాహం అడుగున కోసి మెట్ల వరసంతా ముందుకు ఒరుగుతుంది. ఒక్కో మెట్టు 15 సెం.మీ. ఎత్తు, 35 సెం.మీ. వెడల్పు, ముందు అంచు 7 మి.మీ. వాలు. వాలు లేని మెట్టు మీద నీరు నిలిచి పాచి పడుతుంది. పాలిష్ గ్రానైటు అసలే వద్దు, గరుకు రాయి వేయండి. నీళ్లలో 50 సెం.మీ. లోతున మీటరుంపావు వెడల్పు చదును, అంచున గొలుసు పెడితే కాలు జారినవాళ్లకు నిలబడే చోటుంటుంది.

స్నానాల రేవు ఎగువన, చాకిరేవు దిగువన. ఊరి చెరువు నింపే తూము పార్కుకు దిగువనే ఉంటే నిమజ్జనాలకూ పూజ సామాగ్రికీ వేరే కుంట తవ్వాల్సిందే.

బజ్జీల బండ్లను తరిమేస్తే ఏడింటికి పార్కు ఖాళీ అవుతుంది, ఆ తర్వాత ఆడపిల్లలు రారు. 2014 వీధి విక్రేతల చట్టం కింద పట్టణ విక్రయ కమిటీతో చోట్లు తేల్చుకుని, ఒక్కో బండికి 2 మీటర్ల చదరం, కుళాయి, మురుగుకాలవ ఇవ్వండి. దీపాలు పార్కులో కన్నా ముందు చివరి ఇంటికీ గేటుకూ మధ్య వేయండి, అక్కడి చీకటికే జనం వెనక్కి తిరిగేది. తెల్ల వెలుగుకు వరిచేల పురుగు ముసురుతుంది, పసుపు దీపమే నయం.

ఇది కాలువగట్టు సంగతి. ఏటిగట్టుకు అవతల, గోదావరి వైపు కట్టేదైతే ప్రతిదీ మునుగుతుందనుకునే గీయాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు, ఏ అడుగుకు మీ చోట ఏ మెట్టు మునుగుతుందో ఆ మెట్టు మీదే చెక్కించండి. కరెంటు పెట్టెలు 1986 ఆగస్టు వరద గుర్తుకు పైన ఉండాలి. బెంచీలు రాతివి, రెయిలింగు విప్పి తీసేసేది. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. నిధులు ఆ హడావుడిలో వస్తాయి కాబట్టి గీసిన ప్లాను చేతిలో ఉంచుకోండి. ప్లానులో ఒక పంపు, పొడవాటి గొట్టం కూడా రాయండి. వరద తీసిన పూటే, ఒండ్రు మెత్తగా ఉన్నప్పుడే కడిగేయాలి. రెండెండలు కాస్తే అది గడ్డకట్టి, పలుగు వేస్తే గానీ లేవదు, పలుగు దెబ్బకు మెట్ల అంచులూ లేస్తాయి.