టికెట్ కొనకుండా హాంకాంగ్: ఏ వేళకు ఎక్కడ ఉండాలి

హాంకాంగ్‌లో జేబు ఖాళీ చేసేది హోటల్ గది. చూడాల్సిన వాటిలో చాలావాటికి టికెట్టే లేదు, ఉన్నచోట కూడా పక్కనే ఉచితంగా చూసే దారి ఉంటుంది. కాకపోతే ప్రతిదానికీ ఒక వేళ ఉంది. అది తప్పితే మెట్లెక్కడం, పొగమంచు చూడటం, మూసిన తలుపు ముందు నిలబడటం మిగులుతాయి.

ముందు కాగితం పని. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండొచ్చు. కానీ బయల్దేరే ముందే హాంకాంగ్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. దీనికి ఫీజు లేదు, ఏజెంటుకు డబ్బు కట్టే పనీ లేదు. ఆమోదం వచ్చాక ఆ స్లిప్‌ను ఏ4 తెల్లకాగితం మీద ప్రింట్ తీసి పట్టుకెళ్లాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తెలుగువాళ్లకు చిక్కు వచ్చేది ఇంటిపేరు దగ్గర. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముంటే అదే, గివెన్ నేమ్ గడిలో ఏముంటే అదే, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా నింపండి. ఆధార్‌లోనో విమాన టికెట్‌లోనో ఉన్న వరస చూసి నింపకండి.

దిగగానే ఆక్టోపస్ కార్డు తీసుకోండి, రైళ్లు, బస్సులు, ట్రామ్‌లలో తాకించి ఛార్జీ కట్టే ప్రీపెయిడ్ కార్డు ఇది. మామూలు కార్డు 150 హాంకాంగ్ డాలర్లు, అందులో 50 డిపాజిట్. డాలరు మన డబ్బులో దాదాపు 11 రూపాయలు. ట్రామ్‌లో చిల్లర తిరిగివ్వరు కాబట్టి ఈ కార్డు లేకపోతే రోజంతా నాణేల వేటే. ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ రైలు వేగంగా వెళ్తుంది, ఖరీదూ అలాగే ఉంటుంది. హార్బర్ ఉత్తర ఒడ్డున ఉన్న చిమ్ షా చుయ్‌లో బస అయితే ఏ21 బస్సు నేథన్ రోడ్డు మీదుగా అక్కడిదాకా తీసుకెళ్తుంది, ఛార్జీ రైలులో సగం కూడా ఉండదు.

పొద్దున పని హార్బర్ దక్షిణ ఒడ్డున ఆఫీసులుండే సెంట్రల్‌లో మొదలుపెట్టండి, కానీ పది దాటాక. అక్కడ కొండవాలు వెంట 800 మీటర్లకు పైగా సాగే మిడ్-లెవెల్స్ ఎస్కలేటర్ ఉంది. ఎక్కడానికి పైసా ఇవ్వక్కర్లేదు. పొద్దున 6 నుంచి 10 దాకా అది కిందికే నడుస్తుంది, ఆఫీసులకు దిగేవాళ్ల కోసం. 10 తర్వాత పైకి తిప్పుతారు, అర్ధరాత్రి దాకా అంతే. తొమ్మిదిన్నరకే వచ్చారంటే మొత్తం ఎత్తు మెట్ల మీదే. హాలీవుడ్ రోడ్డు దగ్గర దిగితే పక్కనే తాయ్ క్వున్. పాత పోలీసు స్టేషన్, మేజిస్ట్రేట్ కోర్టు, విక్టోరియా జైలు కలిసిన ఆవరణ ఇది, బాగుచేసి 2018లో తెరిచారు. జైలు గదుల్లోకి వెళ్లి చూడొచ్చు. అక్కడి నుంచి హాలీవుడ్ రోడ్డు వెంట పడమరగా పది నిమిషాలు నడిస్తే మాన్ మో గుడి. కప్పు నుంచి శంఖాకారంలో వేలాడే ధూపపు చుట్టలు గంటల తరబడి కాలుతుంటాయి. వాటి కింద నిలబడితే బూడిద చొక్కా మీద పడుతుంది, పక్కకు జరిగి చూడండి.

అక్కడి నుంచి కిందికి దిగితే వెస్టర్న్ మార్కెట్, ట్రామ్ స్టాపు. 1904 నుంచి నడుస్తున్న ఈ రెండంతస్తుల ట్రామ్‌ను ఊళ్లోవాళ్లు డింగ్ డింగ్ అంటారు. వెనక తలుపులోంచి ఎక్కి, ముందు నుంచి దిగేటప్పుడు డబ్బు చెల్లించాలి. ఎంత దూరమైనా ఒకటే ఛార్జీ, మూడు డాలర్ల పైచిల్లర. వెస్టర్న్ మార్కెట్ నుంచే బయల్దేరే ట్రామ్ ఎక్కితే పైన ముందు వరస సీటు దొరుకుతుంది. ఒక జాగ్రత్త: హ్యాపీ వ్యాలీ అని బోర్డున్న ట్రామ్ దారి మధ్యలో దక్షిణానికి తిరిగిపోతుంది. కాజ్‌వే బే దాటి తూర్పుకు వెళ్లాలంటే షావ్ కే వాన్ బోర్డు చూసి ఎక్కండి.

హార్బర్ దాటడానికి స్టార్ ఫెర్రీని మించింది లేదు. సెంట్రల్ ఏడో నంబరు రేవు నుంచి చిమ్ షా చుయ్‌కు పది నిమిషాల లోపే. పై డెక్ అయినా కొద్ది డాలర్లే, శని ఆదివారాల్లో కాస్త ఎక్కువ. కింది డెక్ ఇంకా చవక, అక్కడ ఇంజను చప్పుడూ డీజిల్ వాసనా అదనం. పడవ వెనక్కి తిరగదు, రెండు కొసలూ ముందే. అందుకే సీటు వీపును అటూ ఇటూ మార్చుకోవచ్చు, మీ ముఖం ఎటుండాలో మీ ఇష్టం. ఈ ఫెర్రీ మొదలుపెట్టింది బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ దొరాబ్జీ నౌరోజీ.

సాయంత్రం దగ్గరే ఎక్కువమంది లెక్క తప్పుతారు. రాత్రి 8 గంటలకు సింఫనీ ఆఫ్ లైట్స్, పది నిమిషాల దీపాల ప్రదర్శన, రోజూ ఉంటుంది. చిమ్ షా చుయ్ గట్టు మీద కల్చరల్ సెంటర్ ముందు నిలబడితే సంగీతం కూడా వినిపిస్తుంది. బాణసంచా ఊహించుకుని వెళ్తే ఉసూరుమంటారు. భవనాల మీద రంగులు మారతాయి, లేజర్లు కదులుతాయి, అంతే. ఆ పది నిమిషాల కంటే దీపాలు వెలిగిన అవతలి ఒడ్డే అసలు దృశ్యమని మా అభిప్రాయం.

సెంట్రల్ వెనకున్న కొండ విక్టోరియా పీక్ మీద సూర్యాస్తమయం కూడా అదే రోజు చూడాలనుకుంటే నెల చూసుకోండి. డిసెంబరులో 5:40 ప్రాంతంలో పొద్దుగుంకుతుంది, చూసి దిగినా ఎనిమిదికి గట్టు మీద ఉంటారు. జూన్, జులైల్లో ఏడు దాటాకే చీకటి, అప్పుడు రెండూ ఒకే సాయంత్రం కుదరవు. కొండెక్కే చిన్న రైలు పీక్ ట్రామ్ క్యూలో నిలబడక్కర్లేదు, సెంట్రల్ నుంచి 15వ నంబరు సిటీ బస్సు పైదాకా వెళ్తుంది. పైన డబ్బు కట్టి ఎక్కే స్కై టెర్రస్ అనే వేదిక జోలికి పోకుండా లూగార్డ్ రోడ్డు పట్టండి. పదిహేను ఇరవై నిమిషాలు నడిచాక చెట్లు విడిపోయి హార్బర్ మొత్తం కాళ్ల కింద పరుచుకుంటుంది. హార్లెక్ రోడ్డు మీదుగా చుట్టి వస్తే మూడున్నర కిలోమీటర్లు, దాదాపు గంట. ఎత్తుపల్లాలు తక్కువ కాబట్టి పెద్దవాళ్లూ నడవగలరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పైన తరచూ పొగమంచే. బస్సెక్కే ముందు హాంకాంగ్ అబ్జర్వేటరీ సైట్‌లో కెమెరా చిత్రాలు చూడండి, తెల్లగా కనిపిస్తే ఆ రోజుకు మానేయండి.

మిగిలిన సగం రోజుకు డైమండ్ హిల్ స్టేషన్ దగ్గర చీ లిన్ భిక్షుణీ ఆశ్రమం, ఎదురుగా నాన్ లియాన్ తోట. రెండింటికీ టికెట్ లేదు. ఇనుప మేకు కొట్టకుండా చెక్కకు చెక్క బిగించి కట్టిన మందిరాలవి. ఆశ్రమం సాయంత్రం పెందలాడే మూసేస్తారు, అందుకని ముందు అది చూసి తర్వాత తోటలోకి వెళ్లండి. వాన పడితే చిమ్ షా చుయ్ గట్టు మీది మ్యూజియం ఆఫ్ ఆర్ట్, శాశ్వత ప్రదర్శనలు ఉచితం, గురువారం సెలవు.

శాకాహారులకు తిండి దగ్గర జాగ్రత్త అవసరం. కూరగాయల వంటకంలో కూడా ఆల్చిప్పల జీవితో చేసే ఆయిస్టర్ సాస్ ఉండొచ్చు. "జాయ్" అని అడిగితే బౌద్ధుల శాకాహారమని అర్థమవుతుంది. వాన్ చాయ్‌లోని సిక్కు గురుద్వారాలో లంగర్, అంటే ఉచిత భోజనం, ఎవరికైనా పెడతారు. తల కప్పుకుని, పెట్టినంత తిని, ప్లేటులో వదలకుండా లేవాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా తుపాను హెచ్చరికలు చూస్తూ ఉండాలి. మూడో నంబరు సిగ్నల్ ఎగరేస్తే దీపాల ప్రదర్శన ఆగిపోవచ్చు. ఎనిమిదో నంబరు ఎగరేస్తే ఫెర్రీ, ట్రామ్, మ్యూజియాలు అన్నీ మూత. ఆ ప్రకటన రాబోతోందని ముందే చెబుతారు. విన్న వెంటనే హోటల్‌కు బయల్దేరండి, ఊరంతా అదే సమయానికి ఇంటిదారి పడుతుంది.