పాత కారుకు హైడ్రాలిక్ బ్రేక్ బూస్టర్ బిగించే ముందు జాగ్రత్తలు

హైడ్రాలిక్ బూస్టర్ అంటే పవర్ స్టీరింగ్ పంపు ప్రెషర్‌తో బ్రేక్ పెడల్‌కు బలం చేర్చే భాగం. అందులో నడిచేది స్టీరింగ్ ఆయిల్, మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే చక్రాల బ్రేకులకు ఆయిల్ నెట్టే భాగం) ఉండేది బ్రేక్ ఆయిల్. ఈ రెండూ పొరపాటున కూడా కలవకూడదు. బ్రేక్ లైన్లలోకి కాస్త స్టీరింగ్ ఆయిల్ వెళ్లినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరు భాగాలన్నీ మార్చాల్సి వస్తుంది. అందుకే గరాటా, డబ్బా, గుడ్డ కూడా దేనికది వేరుగా పెట్టుకోండి.

బూస్టర్‌ను వేరే కారు నుంచి తీస్తుంటే, ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా పదేపదే తొక్కాకే పైపులు విప్పండి. అక్యుమ్యులేటర్‌లో (బూస్టర్‌కు ప్రెషర్ నిల్వ ఉంచే భాగం) ప్రెషర్ నిలిచి ఉంటుంది, ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది.

పంపు నుంచి ఆయిల్ వచ్చే ప్రెషర్ వైపు మామూలు రబ్బరు గొట్టం వద్దు, పగులుతుంది.

బూస్టర్ రిటర్న్ పైపును (ఆయిల్ వెనక్కి వెళ్లే పైపు) వీలైతే నేరుగా స్టీరింగ్ ఆయిల్ రిజర్వాయర్‌కే కలపండి. రిటర్న్‌లో ప్రెషర్ పెరిగితే బ్రేకులు వాటంతటవే పట్టుకోవచ్చు.

బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీ, అంటే పుష్‌రాడ్ పొడవు కొలవకుండా బిగించకండి. ఎక్కువైతే బ్రేకులు పట్టేసి వేడెక్కుతాయి, తక్కువైతే పెడల్ లోతుకు వెళ్తుంది.

స్టీరింగ్ ఆయిల్‌లోంచి గాలి తీసేటప్పుడు ఆయిల్ నురగ కడితే ఇంజిన్ ఆపి, నురగ తగ్గేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే పంపు పాడవుతుంది.