ఎండలు ముదరకముందే ప్లగ్గులు మారుస్తున్నారా? పానా తర్వాత, ముందు వేళ్లు

పోయిన వారం ములుగు దగ్గర గట్టమ్మ గుడి దాటాక ఒక పెట్రోల్ కారు బానెట్ కింద ఢామ్మని మోగింది. ఆ వెంటనే బుస్సుబుస్సుమని గాలి. ఎత్తి చూస్తే ఒక స్పార్క్ ప్లగ్గు (ఇంజిన్‌లో పెట్రోల్‌ను నిప్పురవ్వతో అంటించేది) తన గుంతలోంచి లేచొచ్చి, పైనుండి దానికి కరెంటు ఇచ్చే కాయిల్‌ను విరగ్గొట్టి పక్కకు పడి ఉంది. మిట్టమధ్యాహ్నం, వెనక సీట్లో చిన్నపిల్లలు. హనుమకొండ నుంచి టోయింగ్ బండి వచ్చేసరికి పొద్దు గూకింది. ఆ ప్లగ్గులు వేయించి నెల కూడా కాలేదు. కొత్తవే, ఒరిజినలే. ఇంజిన్ కాలుతుండగానే, అడ్డంగా ఎక్కించి, రాచెట్ పానాతో లాగి బిగించారు.

ఇప్పుడు పెళ్లిళ్లు, సెలవుల ప్రయాణాలు మొదలవుతాయి. రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అందరూ బండి సర్వీసింగ్‌కు ఇచ్చే సమయం, షెడ్లలో తొందర కూడా ఇప్పుడే. కూలెంట్, టైర్లు, ఆయిల్ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

కొనేటప్పుడు

మాన్యువల్‌లో ఉన్న నంబరే కొనండి, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆ అక్షరాల్లోనే థ్రెడ్డు (మర) పొడవు, హీట్ రేంజ్ అన్నీ ఉంటాయి. హీట్ రేంజ్ అంటే ప్లగ్గు వేడిని ఎంత తొందరగా వదులుతుందన్నది: తొందరగా వదిలేది చల్ల ప్లగ్గు, నెమ్మదిగా వదిలేది వేడి ప్లగ్గు. థ్రెడ్డు పొడవైన ప్లగ్గు పడితే పిస్టన్‌కు తగలొచ్చు. పొట్టిది పడితే మసి పట్టి మిస్సింగ్ మొదలవుతుంది. "ఎండాకాలం కదా, చల్ల ప్లగ్గు వేద్దాం" అనే మాట వినొద్దు. పైగా ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గుల్లో హీట్ రేంజ్ అంకె పెరిగితే చల్ల ప్లగ్గు, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అంకెలు పోల్చి కొన్నవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

మామూలు నికెల్ ప్లగ్గులు చాలా కార్లలో 30-40 వేల కిలోమీటర్లు, ఇరిడియం అయితే 80 వేల నుంచి లక్ష దాకా వస్తాయి. సీఎన్‌జీ బండికి ఈ లెక్క పనికిరాదు. గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, అందుకే ప్లగ్గు కొంచెం అరిగినా ముందు గ్యాస్ మీదే జర్కులు వస్తాయి. ముందుగానే మార్చండి.

విప్పేటప్పుడు

ఇంజిన్ చల్లారాలి. చెయ్యి పెట్టి హాయిగా ఉంచగలిగేంత చల్లారాలి. ప్లగ్గు దిగే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియం. ప్లగ్గు ఉక్కు. వేడి మీద విప్పితే ప్లగ్గు హెడ్ థ్రెడ్డును ఊడ్చుకుని వస్తుంది. పొద్దున వదిలి సాయంత్రం తీసుకోండి. గంటలో ఇచ్చేస్తానంటే మాత్రం అడగండి, ఎప్పుడు చల్లారిందని.

కాయిల్ తీయగానే గుంతలో గాలి కొట్టించండి. వరంగల్‌లో పత్తి అమ్మే ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్లలో ఆ గుంత అడుగున పత్తి పోగులు, మట్టి కలిసి ఉండలా కట్టుకుని ఉంటాయి. గాలి కొట్టకుండా ప్లగ్గు విప్పితే ఆ ఉండ నేరుగా సిలిండర్లోకి పోతుంది. గుంతలో ఆయిల్ కనిపిస్తే ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ కవర్ గాస్కెట్, సీళ్లు చూపించుకోండి. కొత్త ప్లగ్గు దాన్ని బాగు చేయదు.

బిగించేటప్పుడు

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఇక్కడివే. ప్లగ్గును ముందు వేళ్లతో ఎక్కించాలి. పానాతో కాదు.

ప్లగ్గు పై కొసకు జానెడు రబ్బరు పైపు ముక్క తొడిగి గుంతలోకి దించండి. ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పితే ఒకచోట టిక్కుమని సన్నగా కిందికి జారుతుంది. అక్కడ థ్రెడ్డు మొదలు దొరికినట్టు. ఇక కుడివైపు తిప్పండి. సరిగ్గా కూర్చుంటే వేళ్లకే చుట్టు తర్వాత చుట్టు తేలిగ్గా దిగిపోతుంది. అడ్డం పడితే రబ్బరు పైపే జారిపోతుంది, థ్రెడ్డు బతుకుతుంది. రాచెట్‌కు ఆ సంగతి తెలియదు, అల్యూమినియాన్ని కోసుకుంటూ దిగుతుంది. బిగువుగా ఉంది కాబట్టి మంచిగ పట్టిందనుకుంటారు.

అడుగుకు తగిలాక అప్పుడు పానా. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతులు. వాషర్ లేని, సీటు ఏటవాలుగా ఉండే రకానికి పదహారో వంతు చాలు. టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది) ఉంటే, వాషర్ ఉన్న రకంలో 14 మిల్లీమీటర్ల థ్రెడ్డుకు 25-30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లకు 15-20. మాన్యువల్ వేరే చెబితే మాన్యువలే. థ్రెడ్డుకు గ్రీజు పూయొద్దు. పూస్తే అదే టార్క్‌కు ప్లగ్గు ఇంకా లోతుకు బిగుసుకుంటుంది.

థ్రెడ్డు పోతే ఇన్సర్ట్ (పాడైన మర చోట దించే కొత్త మర) వేయించాలి. అది కుదరకపోతే హెడ్ దించి లేత్ షాపుకు. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నా: వేళ్లతో మొదలు, పానాతో ముగింపు.

ఇంకా:

కింద పడిన ప్లగ్గు వేయించొద్దు. పింగాణీలో సన్న పగులు కంటికి కనబడదు.

ఇరిడియం కొనను ఉప్పు కాగితంతో రుద్దనివ్వొద్దు. కొనల మధ్య సందు కొలిచే గ్యాప్ గేజ్ దూర్చి వంచనివ్వొద్దు.

వైర్లున్న పాత బండి అయితే ఒక ప్లగ్గు పూర్తయ్యాకే రెండోది విప్పాలి. వైర్లు తారుమారైతే బండి దగ్గుతుంది.

కాయిల్ గాల్లో పట్టుకుని సెల్ఫ్ కొట్టి స్పార్క్ చూపిస్తానంటే ఆపండి. వేల వోల్టులు.

పాత ప్లగ్గులు సిలిండర్ల వరుసలో పెట్టించి చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఆయిల్ తడి ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్లగా పొక్కులు లేస్తే విపరీతంగా వేడెక్కుతోంది, ఆ బండితో దూరం పోవద్దు.

ప్లగ్గులు మార్చే ముందు రోజు ఇంజిన్‌ను ప్రెషర్ నీళ్లతో కడిగించొద్దు.

చెక్ ఇంజిన్ లైట్ మినుకుమినుకుమంటే నెమ్మదించి పక్కకు ఆపండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి పోయి అది ఎర్రగా కాలుతుంది. ఆ స్థితిలో ఆరబోసిన వరిగడ్డి మీద ఆపారంటే బండి అంటుకుంటుంది. యాసంగి కోతలప్పుడు రోడ్ల మీద గడ్డే గడ్డి. దాని మీద ఆపొద్దు.

డీజిల్ బండి వాళ్లకు: మీ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్గులుండవు. బిల్లులో ఆ లైను కనిపిస్తే డబ్బులు కట్టకముందే అడగండి.