రిలీజ్ శాఖ, మెయిన్ శాఖ కలిసి నడవాలంటే
విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా ఇంటి నుంచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విడుదలలు చూస్తాను. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో మాకు రెండు శాఖలు (కోడ్ ప్రతులు): విడుదలకు వెళ్లేది రిలీజ్, కొత్త పనులు సాగేది మెయిన్. ఒక సిరిమానోత్సవం వారంలో రిలీజ్ శాఖలో సరిచేసిన పన్ను లెక్కను మెయిన్‌కు చేర్చడం మరిచాను. తర్వాతి విడుదలలో అదే తప్పు తిరిగి వచ్చింది, దుకాణదారులు రాత్రంతా ఇబ్బంది పడ్డారు.

అందుకే దిద్దుబాటును ముందు రిలీజ్ శాఖలో చేసి, ఆ రోజే ఆ శాఖను మెయిన్‌లో మెర్జ్ చేయండి, అంటే కలపండి. మెయిన్‌ను రిలీజ్‌లోకి మాత్రం తేవద్దు. సగం తయారైన పనులన్నీ వెంట వస్తాయి. మెయిన్‌లో ముందే చేసిన ఒక్క దిద్దుబాటే కావాలంటే ‘గిట్ చెర్రీ-పిక్ -ఎక్స్’ వాడండి. మూల కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) గుర్తు కొత్త కమిట్ సందేశంలో నమోదవుతుంది.

పడుకునే ముందు ‘గిట్ లాగ్ మెయిన్..రిలీజ్’ నడపండి. ఒక్క వరుస కనిపించినా, ఆ కమిట్ ఇంకా మెయిన్‌కు చేరలేదన్నమాట. దాన్ని రేపటికి వదలకండి.