ఇంగ్లీషు నమూనా, చైనా పనితనం: పాత సామాను కొనేముందు ఏమేమి చూడాలి

1757 నుంచి 1842 వరకు యూరప్ వర్తకులు చైనాలో వ్యాపారం చేసుకోవడానికి కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ) రేవు ఒక్కటే దిక్కుగా ఉండేది. ఆ రేవు చుట్టూ ఉన్న వడ్రంగులు ఇంగ్లీషువారు ఇచ్చిన కొలతలు, నమూనాలు చూసి, తమ దగ్గర దొరికే కలపతో, తమకు అలవాటైన అతుకులతో బల్లలు, పెట్టెలు, కుర్చీలు చేసి ఇచ్చేవారు. ఈస్టిండియా కంపెనీ నౌకల అధికారులకు సొంత సరుకు వేసుకోవడానికి ఓడలో కొంత చోటు దక్కేది. అలా వచ్చిన సామాను కొంత లండన్‌కు పోగా, కొంత కలకత్తా, మద్రాసు ఇళ్లలోనే ఉండిపోయింది. బ్రిటన్, చైనాల మధ్య కుదిరిన నాన్‌కింగ్ ఒడంబడికతో 1842లో షాంఘై వంటి మరిన్ని రేవులు తెరుచుకున్నాక ఎగుమతి పెరిగింది, పనితనంలో మాత్రం హెచ్చుతగ్గులు ఎక్కువయ్యాయి. రూపంలో ఇంగ్లీషు, చేతిలో చైనా అయిన ఈ సామానును కొనాలనుకునే వరంగల్, కరీంనగర్ ప్రాంతాల వారి కోసం ఈ వ్యాసం.

మన వైపు ఇటువంటి వస్తువులు ఎక్కువగా కనిపించవలసిన చోట్లు దేశ్‌ముఖుల గడీలు, పెద్ద వర్తకుల ఇళ్లు. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ వరకు చేరడంతో దూరపు రేవుల సరుకు ఈ ప్రాంతానికి తేలికగా రాగలిగింది. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత, ఆస్తులు పంపకమై, పెద్ద ఇళ్లు నిలబెట్టుకోలేని కుటుంబాలు సామాను అమ్ముకున్నాయి. ఇప్పటికీ హన్మకొండలోనో జనగామలోనో ఒక పాత ఇల్లు పడగొడుతున్నారంటే, తలుపులు, స్తంభాలతో పాటు నాలుగు బల్లలు, ఒక సందూకు కూడా అమ్మకానికి వస్తాయి. అయితే గడీలో దొరికింది కాబట్టి చైనాదే అనుకోకూడదు. అక్కడి సామానులో అధిక భాగం స్థానిక వడ్రంగులు టేకుతో, జిట్రేగితో చేసినదే. నిజమైన చైనా పని మన దగ్గర తక్కువ. ఉన్నది కూడా చాలా వరకు పెట్టెలు, చిన్న బల్లలు, పింగాణి జాడీలు, పళ్లాలు వంటి మోసుకురాదగిన వస్తువులే. కనుక మొదటి కొనుగోలుకు పెద్ద అల్మారా వెంట పడకుండా ఒక పెట్టెతోనో ఒక జాడీతోనో మొదలుపెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

కొనడానికి ముందు కంటికి అలవాటు చేయాలి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మూడో సాలార్‌జంగ్ సేకరించిన చైనా, జపాను వస్తువులు విడిగా ప్రదర్శనలో ఉన్నాయి. వాటి ముందు తీరిగ్గా నిలబడి, పింగాణి తెలుపులో ఉండే తేడాలను, చెక్కడంలోని లోతును, నల్లని పూత మీద బంగారు గీతల సన్నదనాన్ని గమనిస్తే, ఆ తరువాత దుకాణంలో మాటలకు లొంగిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది.

తేలికగా పొరబడేది ముఖ్యంగా రెండు రకాల దగ్గర. మొదటిది నిర్మల్ పని. నల్లని పూత మీద బంగారు రంగు బొమ్మలున్న నిర్మల్ తెరలను, పళ్లాలను చైనా లక్క పని అని చెప్పి అమ్మితే కొత్తవారు నమ్ముతారు. చైనా పూత ఒక చెట్టు పాలతో తయారవుతుంది. పలుచగా పొర మీద పొర వేసి, ప్రతి పొరనూ ఆరనిచ్చి నునుపు చేస్తారు. వయసు మీద పడ్డాక అందులో వెంట్రుకంత సన్నని పగుళ్లు వస్తాయి, అంచులు అరిగిన చోట కింది పొర బయటపడుతుంది. నిర్మల్ పని తనంతట తాను విలువైనదే, కానీ దాన్ని ఆ పేరుతోనే, ఆ ధరకే కొనాలి. రెండవది విశాఖపట్నం పని. 18, 19 శతాబ్దాలలో అక్కడి కంసాలులు ఏనుగు దంతం తాపి, నల్లని రేఖలతో పూలతీగలు చెక్కిన పెట్టెలను ఇంగ్లీషువారి కోసమే చేశారు. అవి మన తెలుగు చేతుల పని. అయినా వాటిని కొనవద్దని ఎందుకు చెబుతున్నానో చట్టం సంగతి వచ్చినప్పుడు వివరిస్తాను.

ఇక పరీక్ష. కర్పూరపు చెక్క సందూకునే తీసుకుందాం, ఎందుకంటే చైనా నుంచి వచ్చిన వాటిలో మనకు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది అదే. మూత తెరిచి ముఖం లోపలికి పెట్టి వాసన చూడండి. పాతబడిన పెట్టెలో కూడా కర్పూరపు ఘాటు సన్నగా మిగిలి ఉంటుంది. అమ్మేవారు కర్పూరం బిళ్లలు వేసి ఉండవచ్చు కాబట్టి, పెట్టెను ఖాళీ చేయించి, కాసేపు గాలికి ఉంచాక మళ్లీ చూడాలి. తరువాత మూలల ఇత్తడి మీద వేలు జరపండి. మంచి పెట్టెలో ఇత్తడి పట్టీ మందానికి సరిపడా చెక్కను తొలిచి దించుతారు కనుక చెక్క నుంచి ఇత్తడి మీదికి పోతున్నప్పుడు గోరుకు మెట్టు తగలదు. పైనుంచి మేకులు కొట్టి బిగించిన పట్టీ అయితే అంచు పట్టుకుంటుంది. పక్కనున్న పిడులు కూడా చెక్కలోకి ఒదిగి ఉండాలి. పెట్టెను తిరగేయించి అడుగు చూడండి: అడుగు పలకకు ఎవరూ మెరుగు పెట్టరు కనుక అక్కడి రంగు సహజంగా, ఎగుడుదిగుడుగా నల్లబడి ఉంటుంది. అడుగంతా ఒకే రంగులో ఉంటే ఈ మధ్య రంగు పూశారని అనుమానించాలి. డ్రాగన్లు, ఓడలు ఒత్తుగా చెక్కిన సందూకులు 20వ శతాబ్దంలో హాంకాంగ్, షాంఘైలలో పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. చెక్కడం ఎక్కువగా ఉన్నంత మాత్రాన పాతదని అర్థం కాదు. సాదా ఇత్తడి మూలల పెట్టెలే తరచు వాటికంటే పాతవి.

మరలు (స్క్రూలు) కూడా కాలాన్ని చెబుతాయి. ఒకటి విప్పించి చూడండి. 19వ శతాబ్దం మధ్యకు ముందటి మరకు కొన మొద్దుగా ఉంటుంది, తలమీది గాడి నడిమధ్యన కాక కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. ప్లస్ గుర్తు గాడి ఉన్న మర 1930ల తరువాతిది. అయితే ఒక్క మర మారినంత మాత్రాన వస్తువంతా కొత్తదని తీర్పు చెప్పకూడదు, మరమ్మతు జరిగి ఉండవచ్చు. ఒకదానిలో ఒకటి దూరే నాలుగు చిన్న బల్లల జత, పాలరాయి పొదిగిన నల్లని పీటలు చూసేటప్పుడు అతుకులే ప్రధానం. ఒక చెక్కలో బెజ్జం తొలిచి, రెండో చెక్క కొసను సన్నగా చెక్కి అందులో దించడం చైనా వడ్రంగుల పద్ధతి. మేకులు ఎక్కువగా కనిపిస్తే ఆగి ఆలోచించాలి. చెక్క ఏళ్ల తరబడి ఆరుతూ, నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది. అందువల్ల పాత గుండ్రటి బల్లను రెండు దిక్కులా టేపుతో కొలిస్తే కొలతలు కొద్దిగా తేడా వస్తాయి.

పింగాణి విషయంలో తెలిసిన వడ్రంగి సాయం ఉండదు కాబట్టి మీ కన్నే ఆధారం. దీపానికి అడ్డుపెడితే పలుచని పింగాణిలోంచి వెలుగు కనిపిస్తుంది, మట్టిపాత్రలోంచి కనిపించదు. వేలితో మెల్లగా తట్టినప్పుడు గణగణ మోగకుండా మందంగా పలికితే ఎక్కడో సన్నని పగులుంది. అడుగున ‘చైనా’ అని ఇంగ్లీషు అక్షరాలుంటే ఆ వస్తువు సాధారణంగా 1891 తరువాతిది, ఎందుకంటే అమెరికా 1890 నాటి సుంకాల చట్టంతో దేశం పేరు ముద్రించడం తప్పనిసరి చేసింది. చక్రవర్తి పేరున్న చైనా లిపి ముద్రను మాత్రం నమ్మకూడదు, పూర్వపు చక్రవర్తుల పేర్లు తరువాతి కాలంలో ఎన్నో పాత్రల మీద వేశారు. నీలిరంగులో వంతెన, విల్లో చెట్టు, రెండు పక్షులు ఉన్న పళ్లాన్ని చూసి చైనాదనుకుంటారు గాని, ఆ బొమ్మ 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో పుట్టింది. రాగి పలక మీద చెక్కి, పలుచని కాగితం ద్వారా పాత్ర మీదికి దించేవారు. అంచు చుట్టూ జాగ్రత్తగా చూస్తే కాగితం కలిసిన చోట నమూనా తెగి కనబడుతుంది. ఇటువంటి పళ్లాలను గోడకు పెట్టుకోండి, భోజనానికి వాడకండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు.

చట్టం తెలియకుండా ఈ రంగంలోకి దిగకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991లలో చేసిన సవరణలతో మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. వస్తువు ఎంత పాతదైనా మినహాయింపు లేదు. తాబేలు చిప్ప తాపిన పెట్టెల జోలికీ వెళ్లవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్లు దాటినది పురావస్తువు. దానితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపుదామనుకునేవారు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

బేరం దగ్గర నేను పాటించే పద్ధతి ఒకటే: కథకు డబ్బు ఇవ్వను, వస్తువుకే ఇస్తాను. ‘ఫలానా దొరవారి గడీది’ అనే మాటను రసీదులో రాసి సంతకం చేయమని అడగండి. రాయడానికి వెనకాడితే ఆ మాటను ధరలోంచి తీసేయండి. రసీదులో కలప, కొలతలు, మరమ్మతులు, అమ్మేవారి అంచనా కాలం ఉండాలి. అడుగుభాగంతో సహా ఫొటోలు తీసి దానికి జతచేయాలి. చెక్క కింద మెత్తని పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. అటువంటిదాన్ని, ఎంత చవకగా వచ్చినా, మందు పట్టించకుండా ఇంట్లోకి తేవద్దు.

తెచ్చిన తరువాత పాత మెరుగును గీకించడం అన్నిటికంటే పెద్ద నష్టం. గరుకు కాగితంతో రుద్ది, కొత్త వార్నిష్ వేయించిన బల్ల తళతళలాడుతుంది గాని, దాని మీద వందేళ్ల వాడకం తెచ్చిన రంగు మళ్లీ రాదు. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, ఏడాదికి ఒకటి రెండుసార్లు తేనెమైనం పలుచగా రాస్తే చాలు. ఇత్తడి పట్టీ ఊడిపోతే దాని నకలు కొట్టించడానికి జనగామ దగ్గరి పెంబర్తి పనివారు ఉన్నారు; పాత ముక్కను నమూనాగా ఇచ్చి, తరువాత దాన్ని కూడా భద్రపరచండి. మన వరంగల్ ఎండలకు పడమటి గోడ పక్కన పెట్టిన చెక్క చీలుతుంది, కూలర్ ఎదుట పెట్టిన చెక్క తడి గాలికి ఉబ్బి, లక్క పూత పెచ్చులు లేస్తుంది. కనుక ఈ రెండూ తగలని చోట, గోడకు జానెడు ఎడంగా, కాళ్ల కింద చిన్న చెక్కముక్కలు వేసి నిలపండి. వానాకాలంలో వారానికొకసారి సొరుగులు లాగి చెద మట్టి పాకిందేమో చూసుకోండి.