వసూలైన విరాళం ఎందరికి చూపునిచ్చింది? కంటి శిబిరం ఫలితాన్ని కొలిచే పద్ధతి

ఉచిత శుక్లాల ఆపరేషన్ల కోసం విరాళాలు సేకరించే సంఘాలు సాధారణంగా ఫ్లెక్సీ మీద రెండు అంకెలు వేయిస్తాయి: వసూలైన మొత్తం, జరిగిన ఆపరేషన్ల సంఖ్య. అవి పడిన శ్రమను చెబుతాయి గానీ ఫలితాన్ని చెప్పవు. ఎందరికి చూపు వచ్చింది, వారిలో మన డబ్బు లేకపోతే చూపు రానివారెందరు అన్నదే తేల్చుకోవలసిన లెక్క.

ముందుగా వసూళ్ల పద్దు సరిచూడాలి. ఇస్తామని ఇవ్వని మొత్తాలను కొట్టివేసి, హాలు అద్దె, టీషర్టులు, భోజనాలు, జ్ఞాపికలు, ఆన్‌లైన్ చెల్లింపుల కమీషను అన్నీ ఖర్చు కింద రాయాలి. ఏటా అదే ఆసుపత్రికి నేరుగా ఇచ్చే దాత ఈసారి మన ద్వారా ఇస్తే అది కొత్త సొమ్ము కాదు. రసీదు రాసేటప్పుడే ఆ మాట అడిగి రాసుకోవచ్చు.

అసలు పని చూపు దగ్గర ఉంది. ఆపరేషన్‌కు ముందే ప్రతి కంటి చూపునూ నమోదు చేయాలి. కట్టు విప్పిన మరునాటి ఫొటో పత్రికకు పనికొస్తుంది గానీ కొలతకు పనికిరాదు. కన్ను కుదుటపడడానికి వారాలు పడుతుంది కనుక, నెల నుంచి మూడు నెలల లోపు మళ్లీ పరీక్షించాలి. మామూలు చూపున్నవారు 18 మీటర్ల నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని 6 మీటర్ల నుంచైనా గుర్తుపట్టగలిగితే దానిని 6/18 అంటారు. ఆపరేషన్ తర్వాత ఆ మాత్రం వస్తే మంచి ఫలితంగా లెక్కించడం పాత ఆనవాయితీ. చదువు రానివారికి ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి ముద్రించిన చార్టు వాడాలి.

పరీక్షకు తిరిగి రానివారిని బాగున్నవారి ఖాతాలో వేయడం చాలామందికి ఉన్న అలవాటే, కానీ అది లెక్కను చెడగొడుతుంది. కొందరు బాగుండే రారు, కొందరు కన్ను సలుపుతున్నా బస్సు చార్జీ లేక రారు. వారిలో కొందరినైనా చీటీలు తీసి ఎంచుకుని, ఇంటికి వెళ్లి చూడాలి.

ఇక అందరూ దాటవేసే ప్రశ్న: మన శిబిరం లేకపోయినా వీరికి ఆపరేషన్ జరిగేదా? అంధత్వ నివారణకు 1976 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది, ప్రభుత్వాసుపత్రులు ఉచితంగానే ఆపరేషన్లు చేస్తాయి. అందుకే పేరు నమోదు చేసే బల్ల దగ్గరే, ఇంతకుముందు ఎక్కడైనా చూపించుకున్నారా, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారా అని అడగాలి.

ఉదాహరణకు 10 లక్షలు వసూలై, 2.5 లక్షలు కార్యక్రమానికే పోయి, మిగిలిన సొమ్ముతో 300 ఆపరేషన్లు జరిగాయనుకుందాం. తిరిగి పరీక్షించిన వారిలో 200 మందికి 6/18 లేదా అంతకంటే మెరుగైన చూపు వచ్చి, వారిలో 80 మందికి ఎలాగూ ఆ ఏడాదే మరోచోట ఆపరేషన్ జరిగేదైతే, మనవల్ల చూపు వచ్చినట్లు రూఢిగా చెప్పగలిగేది 120 మందికే. దాతల సొమ్ము ఒక్కో ఆపరేషన్‌కు 3,333 రూపాయలు అయినట్లు కనిపించినా, మనవల్ల చూపు వచ్చిన ఒక్కొక్కరికి నిజానికి 8,333 అయింది. రెండో అంకెనే దాతలకు చూపాలి.

6/60 కంటే తక్కువ చూపు మిగిలిన కళ్ల జాబితాను విడిగా తీసి, కళ్లజోడు లోపమా, ఇన్ఫెక్షనా, ముందునుంచీ ఉన్న నరాల జబ్బా అన్నది శస్త్రవైద్యుని చేత రాయించుకున్నాకే వచ్చే ఏటి శిబిరానికి ఒప్పందం కుదుర్చుకోవాలి.